అనకిన్రా సూది ఇంట్లో వేసేవారికి: ఫ్రిజ్ నుంచి తొడ దాకా

క్యాప్స్ అనే అరుదైన జబ్బులో ఎన్.ఎల్.ఆర్.పి.3 జన్యువు లోపం వల్ల, ఒంట్లో ఏ క్రిమీ లేకపోయినా ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే వాపు సంకేతం అదేపనిగా విడుదలవుతుంది. జ్వరం, దద్దుర్లు, కీళ్ల నొప్పులు, ఎర్రబడ్డ కళ్లు దాని పనే. యాంటీబయాటిక్స్ ఎన్ని మార్చినా తగ్గకపోవడం అందుకే. ఈ జబ్బుకు వాడే అనకిన్రా అనే మందు ఆ సంకేతాన్ని పుట్టకుండా ఆపదు, అది వచ్చి కూర్చునే చోట తాను ముందే కూర్చుంటుంది. శ్రీకాకుళం కాంప్లెక్సులో బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపినట్టన్నమాట. కాకపోతే ఈ తువ్వాలు ఎక్కువసేపు నిలవదు. 4 నుంచి 6 గంటల్లో రక్తంలో మందు సగానికి పడిపోతుంది. అందుకే రోజూ ఒకే వేళకు వేయాలి. పిల్లవాడు బాగానే ఉన్నాడు కదా అని మానేస్తే జ్వరం మళ్లీ తిరగబెడుతుంది. ఒకపూట మరిచిపోతే రెండు మోతాదులు కలిపి వేయకండి, డాక్టరుకు ఫోన్ చేయండి.

మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష, తెల్లకణాల లెక్క తప్పనిసరి. తర్వాత మొదటి 3 నెలలు నెలకోసారి, ఆపైన ఏడాది దాకా 3 నెలలకోసారి న్యూట్రోఫిల్స్ (తెల్లకణాల్లో ఒక రకం) చూడాలి. పిల్లవాడు ఈ మందు మీద ఉన్నాడని ఏఎన్ఎమ్‌కి ముందే చెప్పండి. ఎం.ఆర్. (తట్టు, రుబెల్లా) టీకా, పోలియో చుక్కలు బతికున్న క్రిములతో చేసినవి, డాక్టరును అడక్కుండా వేయించకూడదు.

అసలు తిప్పలు దాచడంలోనే. 2 నుంచి 8 డిగ్రీల మధ్య, వెలుగు తగలకుండా, ఫ్రిజ్ మధ్య అరలో పెట్టండి. డోరులో వద్దు, మాటిమాటికీ తెరుస్తాం. ఫ్రీజర్ దగ్గర అసలే వద్దు. ఒక్కసారి గడ్డకట్టిందంటే, కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉన్నా పారేయాల్సిందే. 25 డిగ్రీల లోపు అయితే కొంత సమయం బయట ఉంచవచ్చని మందుతో వచ్చే కాగితంలో ఉంటుంది, మన మే నెలకు ఆ వెసులుబాటు పనికిరాదు. తుపానుకు కరెంటు పోతుందని తెలిస్తే, 2018 తిత్లీ తుపానప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో రోజుల తరబడి రాలేదు, ముందే థర్మోకోల్ పెట్టె, జెల్ ప్యాకులు సిద్ధం చేసుకోండి. ప్యాకుకీ సిరంజికీ మధ్య మడతపెట్టిన తుండుగుడ్డ ఉండాలి. చేపల పెట్టెలో వాడిన ఐస్ వద్దు, ఉప్పు కలిస్తే సున్నా కిందికి దిగి మందును గడ్డకట్టిస్తుంది.

వేసే అరగంట ముందు బయట పెట్టండి. వేడినీళ్లలో ముంచకండి, కుదపకండి. మబ్బుగా ఉన్నా, రంగు మారినా వాడకండి. నిండు సిరంజిలో 0.67 మిల్లీలీటర్లలో 100 మిల్లీగ్రాములు ఉంటాయి. 15 కిలోల పిల్లవాడికి కిలోకు 2 మిల్లీగ్రాములు రాస్తే 30 మిల్లీగ్రాములు, అంటే సుమారు 0.2 మిల్లీలీటర్లు. లెక్క డాక్టరు చేతే వేయించి, సిరంజి మీద ఏ గీత దగ్గర ఆగాలో గుర్తు పెట్టించుకోండి. మిగిలింది రేపటికి దాచకూడదు, అందులో నిల్వమందు కలపరు.

తొడకి గానీ, బొడ్డుకు కనీసం 5 సెంటీమీటర్ల దూరంలో పొట్టకి గానీ చర్మం కింద వేయాలి. నిన్నటి చోటుకు కనీసం 2.5 సెంటీమీటర్లు జరగండి. మొదటి కొన్ని వారాలు వేసిన చోట ఎర్రగా, దురదగా దద్దు లేస్తుంది. భయపడి ఆపేసేవాళ్లు ఇక్కడే ఆపేస్తారు, సాధారణంగా అది నెల, నెలన్నరలో తగ్గిపోతుంది. చల్లని గుడ్డ వేయవచ్చు. చలికి దద్దుర్లు వచ్చే రకం క్యాప్స్‌లో కూడా జబ్బును రేపేది ఒళ్లంతా తగిలే చల్లగాలే. ఒకచోట పెట్టిన ఐస్ కాదు.

మందు వాడుతుండగా జ్వరం వస్తే పాత జబ్బే అనుకోకండి, ఇన్ఫెక్షన్ కావచ్చు. అదే రోజు చూపించండి.

ఉద్దానం వాళ్లకు ఇంకొక మాట. వాపు ఏళ్ల తరబడి అదుపు తప్పితే అమైలాయిడ్ అనే ప్రొటీన్ కిడ్నీల్లో పేరుకుంటుంది, అప్పుడు మూత్రంలో ప్రొటీన్ ఎక్కువగా పోతుంది. ఉద్దానంలో చాలామందికి వచ్చే కిడ్నీ జబ్బులో మామూలుగా అది తక్కువే పోతుంది. కాబట్టి క్యాప్స్ ఉన్నవారి మూత్రంలో ప్రొటీన్ బాగా కనబడితే 'మన ఊరి జబ్బే' అని సరిపెట్టకుండా పరీక్ష చేయించండి. కిడ్నీ పని బాగా తగ్గినవారికి ఈ మందును రోజు విడిచి రోజు ఇచ్చే అవసరం రావచ్చు, అందుకని క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) కాగితం వెంట తీసుకెళ్లండి.