బేస్‌బాల్ కార్డుల కొత్త సెట్టును ఒకటో నంబరు నుంచి చివరి నంబరు వరకు పూర్తి చేయడం ఎలా?

ఏటా ఫిబ్రవరిలో, అమెరికా బేస్‌బాల్ జట్లు ఆరిజోనా, ఫ్లోరిడా రాష్ట్రాల్లోని వసంత శిక్షణ శిబిరాలకు చేరుకునే రోజుల్లోనే, టాప్స్ సంస్థ ఆటగాళ్ల ఫొటోలు, వివరాలతో అచ్చువేసే ఆ సంవత్సరపు కార్డుల మొదటి విడతను విడుదల చేస్తుంది. సిరీస్ వన్ అని పిలిచే ఈ విడత 2024 నుంచి 350 కార్డులతో వస్తోంది. జూన్ ప్రాంతంలో సిరీస్ టూ, అక్టోబరు ప్రాంతంలో అప్‌డేట్ అనే మూడో విడత వస్తాయి. డాలస్, న్యూజెర్సీ వంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పిల్లలు బేస్‌బాల్ ఆడటం మొదలుపెట్టాక ఈ కార్డులు ఇంట్లోకి రావడం సహజం. లోపల ఏ కార్డులు ఉన్నాయో విప్పేదాకా తెలియని మొదటి ప్యాకెట్ కొన్న తరువాత ఏం చేయాలో తెలియక అవి సొరుగుల్లో చెల్లాచెదురుగా మిగిలిపోవడమూ అంతే సహజం. సిరీస్ వన్‌లోని మామూలు కార్డులన్నింటినీ ఒక క్రమంలో, అనవసరమైన ఖర్చు లేకుండా సమకూర్చుకోవాలనుకునేవారి కోసమే ఈ వ్యాసం.

ముందుగా ఏం సేకరిస్తున్నారో తేల్చుకోండి

ఒకే విడతను నాలుగైదు రకాలుగా సేకరించవచ్చు. కొందరు తమ జట్టు ఆటగాళ్ల కార్డులు మాత్రమే దాచుకుంటారు, కొందరు ఒక్క ఆటగాడి కార్డు ఎన్ని రంగుల్లో వస్తే అన్నీ వెతుకుతారు, మరికొందరు కొత్తగా లీగులోకి వచ్చిన ఆటగాళ్ల రూకీ కార్డులకే పరిమితమవుతారు. వీటిలో ఏదీ తప్పు కాదు. కానీ ఒక సీజన్‌ను మొత్తంగా చేతిలోకి తెచ్చుకోవాలంటే బేస్ సెట్టును, అంటే వరుస సంఖ్యలున్న మామూలు కార్డులన్నింటినీ పూర్తి చేయడమే ఉత్తమమైన మార్గమని నా గట్టి నమ్మకం. పేరున్న ఆటగాడి పక్కనే ఆ ఏడాది పదిహేను మ్యాచ్‌లు మాత్రమే ఆడిన రిలీఫ్ పిచర్ (ఆట మధ్యలో బంతి విసరడానికి దిగే ఆటగాడు) కూడా కనిపించేది ఈ సెట్టులోనే.

డబ్బు కోసం సేకరించాలన్న ఆలోచన ఉంటే మొదటే పక్కన పెట్టడం మంచిది. 1952లో టాప్స్ సంస్థ తెచ్చిన 407 కార్డుల సెట్టులో 311వ నంబరైన మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022 ఆగస్టులో జరిగిన వేలంలో 1.26 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. ఆ ధరకు కారణం ఆటగాడి పేరు ఒక్కటే కాదు. ఆ సెట్టులోని పెద్ద నంబర్ల కార్డులు సీజన్ చివర్లో వచ్చి సరిగా అమ్ముడుపోలేదు. ఆ సెట్టును రూపొందించిన సై బర్గర్ చెప్పినదాని ప్రకారం, గిడ్డంగిలో మిగిలిపోయిన పెట్టెలను 1960లో పడవ మీద తీసుకువెళ్లి అట్లాంటిక్ సముద్రంలో పారవేశారు. పైగా ఆ రోజుల్లో కార్డులు పిల్లల చేతుల్లో నలిగి, శబ్దం రావాలని సైకిలు చక్రాల ఊచల మధ్య గుచ్చితే చిరిగిపోయేవి. ఆ కథలు విని 1980ల చివర్లో లక్షలాది మంది పెట్టెలకొద్దీ కార్డులు కొని జాగ్రత్తగా దాచారు, కంపెనీలు కూడా అంతే విరివిగా ముద్రించాయి. అందువల్లనే ఆ కాలపు మామూలు కార్డులకు నేటికీ విలువ లేదు. ఇప్పటి బేస్ కార్డులు కూడా పెద్ద సంఖ్యలో అచ్చవుతున్నాయి, కాబట్టి సేకరించే సంతోషం కోసమే వీటిని సేకరించాలి.

చెక్‌లిస్టు సంపాదించండి

విడుదలకు కొద్ది రోజుల ముందే పూర్తి జాబితా బయటికి వస్తుంది. దానిని చెక్‌లిస్టు అంటారు. ప్యాకెట్ కొనక ముందే దానిని అచ్చు తీసుకుని, లేదా ఒక స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించి, ఒకటి నుంచి 350 వరకు సంఖ్యల పక్కన రెండు గడులు గీసుకోండి. ఒకటి కార్డు చేతికి వచ్చిందని గుర్తు పెట్టడానికి, రెండోది అదనపు ప్రతులు ఎన్ని ఉన్నాయో రాసుకోవడానికి. ఈ రెండో గడి చాలామంది గీయరు, కానీ తరువాత మార్పిడి చేసుకునేటప్పుడు పని మొత్తం దాని మీదే నడుస్తుంది.

ఏ రూపంలో కొనాలి?

ఇవే కార్డులు వేరువేరు పెట్టెల్లో అమ్ముతారు. కార్డుల దుకాణాల్లో దొరికే హాబీ బాక్సులో రెండు వందలకు పైగా కార్డులుంటాయి, సాధారణంగా ఒక ఆటోగ్రాఫ్ కార్డు గాని, ఆటగాడి జెర్సీ ముక్క వంటిది పొదిగిన రెలిక్ కార్డు గాని తప్పక వస్తుంది. జంబో బాక్సులో కార్డులు ఇంకా ఎక్కువ, ధర కూడా ఎక్కువే. వాల్‌మార్ట్, టార్గెట్ వంటి పెద్ద దుకాణాల్లో బ్లాస్టర్ వంటి చిన్న పెట్టెలు తక్కువ ధరకు దొరుకుతాయి, వాటిలో ఆటోగ్రాఫ్ వస్తుందన్న హామీ ఉండదు.

బేస్ సెట్టు మీదే మనసున్నవారు చూడవలసింది ఒక్కటే: పెట్టె ధరను అందులోని కార్డుల సంఖ్యతో భాగిస్తే ఒక్కో కార్డుకు ఎంత పడుతుంది? ఆటోగ్రాఫ్ హామీ కోసం హాబీ బాక్సుకు అదనంగా చెల్లిస్తున్నామన్న సంగతి ఈ లెక్కలో స్పష్టంగా తెలుస్తుంది. ప్యాకెట్ రేపర్ మీద చిన్న అక్షరాల్లో ఏ రకం కార్డు ఎన్ని ప్యాకెట్లకు ఒకటి వస్తుందో ముద్రిస్తారు, కొనే ముందు దానిని కూడా చదవండి.

ఒక జాగ్రత్త తప్పనిసరి. తెరిచిన హాబీ బాక్సులోంచి విడిగా అమ్మే ప్యాకెట్లను తెలియనివారి దగ్గర కొనకండి. రెలిక్ కార్డు మామూలు కార్డు కంటే మందంగా ఉంటుంది కనుక, ప్యాకెట్‌ను వేళ్లతో నొక్కి చూసో, తూకం వేసో దానిని ముందే పసిగట్టి తీసేసుకునేవారు ఉన్నారు. సీలు విప్పని పెట్టె కొనడం, లేదా నమ్మకమైన స్థానిక దుకాణంలో కొనడం మేలు.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండి సేకరించాలనుకునేవారికి తపాలా ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిసి కార్డుల ధరను మించిపోవచ్చు. అమెరికాలోని బంధువుల చిరునామాకు తెప్పించుకుని, వారు సెలవులకు వచ్చేటప్పుడు తెమ్మనడం అందరికీ సులభం. అయితే వందలకొద్దీ కార్డులు బాగా బరువు తూగుతాయి, ఆ సంగతి తెచ్చేవారికి ముందే చెప్పాలి.

ప్యాకెట్ విప్పడం, కార్డును చదవడం

శుభ్రంగా కడిగి ఆరబెట్టుకున్న చేతులతో, ఖాళీ బల్ల మీద ప్యాకెట్లు విప్పండి. రేపర్‌ను పైనుంచి కిందికి చించితే లోపలి కార్డు మూల దెబ్బతినవచ్చు, వెనుక వైపు అతుకు దగ్గర మెల్లగా విడదీయడం సురక్షితం. కార్డుల కట్టను అంచులు పట్టుకుని బయటికి తీయాలి, మెరుపు పూత ఉన్న ముఖభాగం మీద వేలిముద్రలు ఇట్టే పడతాయి.

ఇప్పుడు ఒక కార్డును తీసుకుని నిదానంగా చూడండి. రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు: 1957 నుంచి టాప్స్ కార్డులకు ఇదే కొలత. ముందువైపు ఫొటో, ఆటగాడి పేరు, జట్టు గుర్తు ఉంటాయి. ఆ ఆటగాడికి ఇది రూకీ కార్డు అయితే ఆర్‌సీ అన్న అక్షరాలతో ఒక చిన్న ముద్ర కూడా ఉంటుంది, 2006 నుంచి ఈ ముద్ర వేస్తున్నారు. వెనుకవైపు కార్డు నంబరు, ఆటగాడి ఎత్తు, బరువు, పుట్టిన ఊరు, సీజన్ల వారీగా అతని గణాంకాలు ఉంటాయి. బేస్‌బాల్ కొత్తగా చూస్తున్నవారికి ఆటను పరిచయం చేసే పాఠం ఈ వెనుకభాగంలోనే ఉంది. ఆటగాడు ఎన్ని ఏళ్లు మైనర్ లీగుల్లో, అంటే కింది స్థాయి పోటీల్లో గడిపాడో, ఏ ఏడాది గాయం వల్ల మ్యాచ్‌ల సంఖ్య ఒక్కసారిగా తగ్గిందో అంకెల్లోనే కనిపిస్తుంది. దయచేసి వెనుకవైపు చదవకుండా కార్డును పక్కన పెట్టకండి.

ఇంకా కింద, హక్కుల ప్రకటన ఉన్న చోట, భూతద్దం కావాలనిపించేంత చిన్న అక్షరాల్లో ఒక కోడ్ ఉంటుంది. నంబరు, పేరు ఒకటే అయినా ఫొటో వేరుగా ఉన్న అరుదైన కార్డులను వేరియేషన్లు అంటారు. మామూలు కార్డు కోడ్‌కు, వేరియేషన్ కోడ్‌కు చివరి అంకెలు వేరుగా ఉంటాయి. ఫొటో ఎక్కడో భిన్నంగా అనిపిస్తే ఆ అంకెలను మిగతా కార్డులతో పోల్చి చూడండి.

వేరు చేయడం

కార్డులను మూడు కుప్పలుగా విడదీయాలి. మొదటిది బేస్ కార్డులు. రెండోది ప్యారలళ్లు: ఇవి అదే ఫొటోతో, వేరే రంగు అంచుతోనో మెరుపుతోనో వచ్చేవి. వీటిలో కొన్నింటి మీద ఎన్ని ప్రతుల్లో ఇది ఎన్నోదో ముద్రించి ఉంటుంది. బంగారు రంగు ప్యారలల్‌ను ఆ సంవత్సరం ఎంతో అన్ని ప్రతులే ముద్రించడం టాప్స్ సంప్రదాయం, అంటే 2024లో 2024 ప్రతులు. మూడోది ఇన్సర్టులు: వేరే డిజైనుతో, వేరే నంబర్ల వరుసతో వచ్చే చిన్న ఉపసెట్లు. ప్యారలల్‌ను పొరపాటున బేస్ కుప్పలో వేస్తే, ఆ నంబరు పూర్తయినట్టు చెక్‌లిస్టులో గుర్తు పడి చివరికి లెక్క తప్పుతుంది.

బేస్ కుప్పను నేరుగా ఒకటి నుంచి పేర్చడానికి కూర్చుంటే విసుగు వస్తుంది. ముందు వందల వారీగా నాలుగు కుప్పలు చేసి, ఒక్కో కుప్పను పదుల వారీగా విడగొట్టి, అప్పుడు వరుసలో పెట్టండి. పిల్లలు ఉంటే ఈ పని వారికే ఇవ్వండి, వాళ్లు దీనిని ఇష్టంగా చేస్తారు.

ప్యాకెట్లు కొనడం ఎప్పుడు ఆపాలి?

మొత్తం వ్యవహారంలో ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే, కనుక కొంచెం వివరంగా చెప్పాలి. 350 కార్డులలో ఏదైనా సమానంగా దొరికే అవకాశం ఉందనుకుందాం. అలాంటప్పుడు మొదటి 315 వేరువేరు కార్డులు, అంటే సెట్టులో 90 శాతం, చేతికి రావడానికి సగటున దాదాపు 800 కార్డులు తెరవవలసి వస్తుంది. మిగిలిన 35 కార్డుల కోసం మాత్రం ఆ తరువాత మరో 1,450 కార్డులు తెరవాలి! సెట్టు నిండుతున్నకొద్దీ ప్రతి ప్యాకెట్‌లో ఉన్నవే మళ్లీ రావడం దీనికి కారణం. ఒకే బాక్సులో ఒకే కార్డు పదే పదే రాకుండా ఫ్యాక్టరీలో చాలావరకు చూస్తారు కాబట్టి నిజంలో పరిస్థితి ఇంతకంటే కొంత నయం, కానీ చివరి కార్డులే అత్యంత ఖరీదైనవన్న విషయం మారదు.

అందుచేత ఒకటి రెండు బాక్సులు తెరిచి, సెట్టులో మూడింట రెండు వంతులో, నాలుగింట మూడు వంతులో నిండగానే ప్యాకెట్లు కొనడం ఆపేయాలి. ఇంకొక్క బాక్సు కొంటే పూర్తవుతుందేమో అనిపిస్తుంది, పూర్తి కాదు.

మిగిలిన నంబర్లను తెచ్చుకోవడం

ఇక మీ దగ్గర రెండు జాబితాలు ఉండాలి: కావలసిన నంబర్లు, అదనంగా ఉన్న నంబర్లు. ఇదే పనిలో ఉన్న మరొకరితో కార్డుకు కార్డు చొప్పున మార్పిడి చేసుకోవడం అన్నిటికంటే మంచి పద్ధతి. స్థానిక కార్డుల దుకాణాల్లో, వారాంతపు కార్డు షోలలో, బడిలో పిల్లల మధ్య ఇది చక్కగా సాగుతుంది. మార్పిడిలో ఒక మర్యాద ఉంది: మూల నలిగినా, అంచు తెల్లబడినా ఇచ్చే ముందే చెప్పాలి. పేరున్న ఆటగాడి రూకీ కార్డుకు బదులుగా ఒకే మామూలు కార్డు ఇవ్వజూపడం, ముఖ్యంగా ఎదుటివారు చిన్నపిల్లలైనప్పుడు, అన్యాయం.

మార్పిడికి దొరకనివాటిని విడిగా కొనండి. మామూలు బేస్ కార్డు ఒక్కటి కొన్ని సెంట్లకే దొరుకుతుంది, కానీ తపాలా ఖర్చు దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. కాబట్టి ఒక్కొక్కటిగా కాక, మీకు కావలసినవాటిలో ఎక్కువ నంబర్లు ఉన్న ఒకే అమ్మకందారు దగ్గర ఒకేసారి తీసుకోవాలి. రూకీ కార్డులకు విడుదలైన మొదటి వారంలో ధర ఎక్కువగా పలుకుతుంది, రెండు మూడు నెలలు ఆగగలిగితే చాలావాటి ధర తగ్గుతుంది. ధర తెలుసుకోవడానికి అమ్మకానికి పెట్టిన ధరలు కాక, ఈబేలో నిజంగా అమ్ముడైన ధరలు చూడండి.

తపాలాలో కార్డు పంపేటప్పుడు దానిని ముందు పెన్నీ స్లీవ్ అనే పల్చటి ప్లాస్టిక్ తొడుగులో, తరువాత టాప్‌లోడర్ అనే గట్టి తొడుగులో పెట్టి, పైభాగాన్ని గోడలకు రంగు వేసేవారు వాడే నీలం టేపుతో మూయాలి. మామూలు పారదర్శక టేపు జిగురుతో గట్టిగా అంటుకుపోతుంది, దానిని తీసే ప్రయత్నంలో కార్డు పాడవుతుంది.

మొత్తం సెట్టును సిద్ధంగా అమ్మే ఫ్యాక్టరీ సెట్టు కూడా వేసవిలో వస్తుంది, అందులో సిరీస్ వన్, టూ రెండూ ఉంటాయి. ఖర్చు లెక్కన అదే చవక. నా మటుకు నాకు, చేత్తో ఒక్కొక్క నంబరూ నింపిన సెట్టు ముందు అది వెలవెలబోతుంది. కానీ సమయం లేనివారు దానిని కొనడాన్ని నేను ఏమాత్రం తప్పుపట్టను.

భద్రపరచడం

తొమ్మిది అరల ప్లాస్టిక్ షీట్లున్న బైండరు అయితే 350 కార్డులకు 39 షీట్లు సరిపోతాయి. ఒక్కో అరలో ఒకే కార్డు పెడితే వెనుకవైపు గణాంకాలు కూడా కనిపిస్తాయి. పీవీసీతో చేసిన చవక షీట్లు కాలక్రమంలో కార్డు ఉపరితలాన్ని పాడుచేస్తాయి, పాలీప్రొపిలిన్ షీట్లనే అడిగి తీసుకోండి. ఇంకా దొరకని నంబర్ల అరలను ఖాళీగా వదలండి, ఏవి కావాలో చూడగానే తెలుస్తుంది. అదనపు ప్రతులకు 800 కార్డులు పట్టే తెల్ల అట్టపెట్టె చాలు. రబ్బరు బ్యాండు మాత్రం ఎన్నడూ వేయకండి, అది అంచులను కోసేస్తుంది. తేమ తగిలితే కార్డులు విల్లులా వంగిపోతాయి కనుక విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో ఉన్నవారు మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు ఉంచాలి.

పీఎస్‌ఏ వంటి సంస్థలకు రుసుము కట్టి కార్డు స్థితికి గ్రేడు వేయించే పద్ధతి ఉంది. బేస్ కార్డులకు అది అనవసరం, రుసుమే కార్డు విలువను మించుతుంది.

సిరీస్ టూ, అప్‌డేట్

సిరీస్ టూ సంఖ్యలు 351 నుంచి 700 వరకు కొనసాగుతాయి కాబట్టి బైండరులో దానికి చోటు మిగల్చండి. శీతాకాలంలో జట్టు మారిన ఆటగాడు సిరీస్ వన్‌లో పాత జట్టు దుస్తుల్లోనే కనిపించవచ్చు, కొత్త జట్టుతో అతని కార్డు తరువాతి విడతల్లో వస్తుంది. అప్‌డేట్ సెట్టుకు యూఎస్ అక్షరాలతో మొదలయ్యే వేరే నంబర్లు ఉంటాయి. దీనిని చాలామంది వదిలేస్తారు, అలా చేయవద్దు. సీజన్ మధ్యలో తొలి మ్యాచ్ ఆడినవారి రూకీ కార్డులు ఇందులోనే వస్తాయి. 2011 జూలైలో మొదటిసారి మైదానంలో దిగిన మైక్ ట్రౌట్ రూకీ కార్డు ఆ ఏడాది అప్‌డేట్‌లో యూఎస్ 175వ నంబరుగా వచ్చింది. ఆ ఏటి సిరీస్ వన్, టూలను మాత్రమే పూర్తి చేసినవారి బైండర్లలో అది లేదు.