బ్రష్ చేసిన గంటకే నోరు వాసనొస్తుంటే

పొద్దున్నే పళ్ళు తోముకుంటారు, నాలుక గీసుకుంటారు. బండెక్కి ఆఫీసుకు చేరేలోపే మళ్ళీ వాసన. మౌత్‌వాష్ పుక్కిలిస్తే అరగంట ఆగుతుంది, అంతే. దిల్‌సుఖ్‌నగర్‌లోని మా క్లినిక్‌కి ఈ బాధతో వచ్చేవాళ్ళు చాలామంది అప్పటికే నెలలకొద్దీ గ్యాస్ మాత్రలు మింగి ఉంటారు. కడుపు కాదండీ, ఈ వాసన ఎక్కువగా పుట్టేది నోట్లోనే.

ముందు మందుల షాపులో ఫ్లాస్ దారం కొనండి. వెనక దవడ పళ్ళ సందుల్లో లాగి, ఒక్కో సందు అయ్యాక దారం వాసన చూడండి. రెండు నిమిషాల పని. ఎంత చెప్పినా ఇది చేసి వచ్చేవాళ్ళు కనపడరు.

అన్ని సందుల్లోనూ కంపు, చిగుళ్ళ నుంచి రక్తం: గార పట్టింది, క్లీనింగ్ చేయించుకోండి.

దారానికి ఏ వాసనా లేదు: నాలుకబద్ద ఇంకాస్త వెనక్కి పోనివ్వండి. పాచి పేరుకునేది గొంతు వైపే.

ఒక్క సందులోనే కంపు, దారం కూడా అక్కడే చిరుగుతోంది: నన్ను దెబ్బకొట్టింది ఇదే. ఒకావిడకు రెండుసార్లు క్లీనింగ్ చేసి పంపాను. పైకి పళ్ళు బాగానే ఉన్నాయి. నొప్పి లేదు, చల్లనీళ్ళు తాగితే జివ్వుమనడం లేదు. మూడోసారి ఎక్స్‌రే తీస్తే, రెండు దవడ పళ్ళు ఆనుకునే చోట పిప్పి. తిన్నదల్లా అందులో చేరి కుళ్ళుతోంది. బ్రష్ అక్కడికి అందదు. మొదటిరోజే నేను దారం లాగి ఉంటే ఆవిడ అన్ని నెలలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేది కాదు.

ఫ్లోరైడ్ పేస్టు అక్కరకొచ్చేది ఇలాంటి పిప్పి పుట్టకముందు. నోటికి తగిలే చల్లదనం పుదీనాది, అది కాసేపే. బ్యాక్టీరియా వదిలే ఆమ్లానికి పంటి పైపొర కరుగుతుంటే ఫ్లోరైడ్ దాన్ని మళ్ళీ గట్టిపరుస్తుంది. స్టానస్ ఫ్లోరైడ్ రకమైతే బ్యాక్టీరియాను కూడా కొంత అణుస్తుంది. గుంత పడ్డాక మాత్రం ఏ పేస్టూ పూడ్చలేదు, ఫిల్లింగ్ చేయించాల్సిందే. రాత్రి తప్పకుండా తోముకోండి, నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది. తోముకున్నాక చెంబెడు నీళ్ళతో పుక్కిలిస్తే ఫ్లోరైడ్ చాలావరకు కొట్టుకుపోతుంది. నురగ ఉమ్మేసి ఊరుకోండి.

నల్గొండ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళు ఫ్లోరైడ్ అనగానే భయపడతారు. ఆ భయానికి కారణముంది. కానీ అక్కడ మనుషుల్ని వంచింది ఏళ్ళ తరబడి తాగిన, ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళు. పేస్టు మనం ఉమ్మేస్తాం. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి) దాటకూడదు, ఆ అంకె ట్యూబు మీదే ఉంటుంది. మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత చాలు.

ఇవన్నీ సరిచేసినా వాసన పోకపోతే అప్పుడు సైనస్, టాన్సిల్ రాళ్ళు (గొంతులోని టాన్సిల్ గుంతల్లో గట్టిపడే ముద్దలు), అదుపులో లేని షుగర్ చూపించుకోండి. అంతదాకా వచ్చేవాళ్ళు కొద్దిమందే.