బండి పొగలో ఆల్డిహైడ్లు కొలవడం: డీఎన్‌పీహెచ్ పద్ధతి

పెట్రోల్‌లో ఇథనాల్ పెరిగేకొద్దీ పొగలో అసిటాల్డిహైడ్ అనే ఆల్డిహైడ్ పెరుగుతుంది. హైడ్రోకార్బన్ల అనలైజర్‌ను నమ్ముకుంటే లాభం లేదు, అందులోని ఎఫ్‌ఐడీ (మంటలో కాల్చి కొలిచే డిటెక్టర్) ఇంకో ఆల్డిహైడ్ అయిన ఫార్మాల్డిహైడ్‌కు దాదాపు స్పందించదు. సంచిలో పట్టి తీరిగ్గా చూద్దామన్నా కుదరదు, ఫార్మాల్డిహైడ్ సంచి గోడలకు అంటుకుంటుంది, తడి ఉంటే అందులో కరిగిపోతుంది. అందుకే డీఎన్‌పీహెచ్ (డైనైట్రోఫినైల్‌హైడ్రజీన్, ఆల్డిహైడ్లను పట్టే కారకం) పూసిన సిలికా నింపిన చిన్న గొట్టం, అంటే కాట్రిడ్జ్ గుండా పొగను లాగి, ఆ రెండూ కలిసి ఏర్పడిన హైడ్రజోన్లను హెచ్‌పీఎల్‌సీ (ద్రావణంలోని పదార్థాలను విడదీసి కొలిచే మెషిన్) మీద కొలుస్తారు. తప్పులు చాలావరకు మెషిన్ దాకా రాకముందే జరిగిపోతాయి.

నమూనాను సైలెన్సర్ నుంచి నేరుగా కాక, గాలితో పలచబడ్డాక సీవీఎస్ టన్నెల్ (పొగను గాలితో కలిపి స్థిరమైన వేగంతో లాగే గొట్టం) నుంచి తీయాలి. నమూనా లైనును డ్యూ పాయింట్ (ఆవిరి నీరుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు పైన, 120 డిగ్రీల లోపు ఉంచండి. ఫిట్టింగ్ దగ్గర వేడి అందని వేలెడు ముక్క మిగిలినా అక్కడ నీరు చేరుతుంది, ఫార్మాల్డిహైడ్ అక్కడే ఆగిపోతుంది. రెండు కాట్రిడ్జ్‌లు వరసగా పెట్టి, నిమిషానికి 1 లీటరు చొప్పున లాగండి. రెండోదాంట్లో ఆల్డిహైడ్ చెప్పుకోదగ్గంత కనిపిస్తే మొదటిది నిండిపోయినట్టే, ఆ రన్ పక్కన పెట్టేయండి. కోల్డ్ స్టార్ట్ (చల్లటి ఇంజిన్‌ను మొదలెట్టినప్పటి పొగ) వదలొద్దు. క్యాటలిస్ట్ వేడెక్కేలోపే ఆల్డిహైడ్లు ఎక్కువగా బయటికొస్తాయి. టన్నెల్‌లోకి వచ్చే గాలికి వేరే కాట్రిడ్జ్, అసలు గాలే లాగని బ్లాంక్ ఒకటి తప్పనిసరి.

తీసిన వెంటనే మూత బిగించి, వెలుతురు తగలకుండా 4 డిగ్రీల్లో పెట్టండి. గాలి వెళ్లిన దిశకు ఎదురుగా అసిటోనైట్రైల్ పోసి 5 మి.లీ. ఫ్లాస్కులోకి దింపండి. గాజు సామాను అసిటోన్‌తో కడిగే అలవాటుంటే ఈ గదిలో మానుకోవాలి. అసిటోన్ కూడా ఆల్డిహైడ్లలాగే డీఎన్‌పీహెచ్‌తో కలిసే కార్బొనిలే, దాని పీక్ (గ్రాఫ్‌లో లేచే శిఖరం) బ్లాంక్‌లోనే వచ్చి కూర్చుంటుంది.

హెచ్‌పీఎల్‌సీకి సీ18 కాలమ్ (పదార్థాలను విడదీసే గొట్టం), నీరు-అసిటోనైట్రైల్ గ్రేడియెంట్ (రెండింటి పాళ్లు క్రమంగా మార్చడం), 360 నానోమీటర్ల కాంతి వాడండి. ఇక్కడ అసలు చిక్కు నైట్రోజన్ డయాక్సైడ్. అది డీఎన్‌పీహెచ్‌తో కలిసి ఒక అజైడ్‌ను చేస్తుంది, దాని పీక్ ఫార్మాల్డిహైడ్ హైడ్రజోన్‌కు ఆనుకుని వస్తుంది. డీజిల్ బండ్ల విషయంలో ఇది మరీ ఎక్కువ. పీక్ భుజం వంగినట్టుంటే గ్రేడియెంట్ నెమ్మది చేయండి. డయోడ్ అర్రే (ఒకేసారి అనేక తరంగదైర్ఘ్యాల్లో చూసే డిటెక్టర్) ఉంటే స్పెక్ట్రమ్ చూస్తే తేలిపోతుంది. మిగిలిన డీఎన్‌పీహెచ్ పీక్ బాగా చిన్నబోయిందంటే కారకం చాలలేదు.

లెక్క: హైడ్రజోన్ 3.5 మైక్రోగ్రా./మి.లీ. వస్తే 5 మి.లీ.లో 17.5. ఫార్మాల్డిహైడ్ వాటా 30.03/210.15, అంటే 0.143, కాబట్టి 2.5 మైక్రోగ్రాములు. లాగింది 20 లీటర్లు, సీవీఎస్ మొత్తం 200 ఘనపు మీటర్లు, నడిచింది 10 కి.మీ. అయితే కిలోమీటరుకు 2.5 మి.గ్రా. బ్లాంక్‌ను ముందే తీసేయాలి, పలచబరిచే గాలి వాటానూ తగ్గించాలి. రెండు ఘనపరిమాణాలూ ఒకే ఉష్ణోగ్రత, పీడనాలకు తేవడం మరిచిపోతే మిగతా జాగ్రత్తంతా వృథా.

అక్రోలిన్ అనే మరో ఆల్డిహైడ్ అంకెను మాత్రం గట్టిగా చెప్పొద్దు. దాని హైడ్రజోన్ కాట్రిడ్జ్ మీదే వేరే పదార్థాలుగా మారిపోతుంది, అందుకే తక్కువగా కనిపిస్తుంది. రిపోర్టులో ఆ అంకె పక్కనే ఈ మాట రాయండి.