ఇంటికెళ్లి తిరిగొచ్చాక మనిషి దారిలో పడట్లేదా? ముందు నిద్ర చూసుకోండి

లక్షణం ఇలా ఉంటుంది: సొంతింటికెళ్లి మళ్ళీ విదేశంలో ఉండే చోటికి వచ్చి రెండు వారాలైంది, సూట్‌కేస్ సగం సర్ది అలాగే ఉంది, మీటింగ్‌లో ఎవరేం చెప్తున్నారో బుర్రకెక్కట్లేదు, సాయంత్రమయ్యేసరికి ఊరికే ఏడుపొస్తోంది, అసలు ఇక్కడెందుకున్నాం అనిపిస్తోంది. కారణం కూడా ఇలా ఇబ్బంది పడేవాళ్ళే చెప్పేస్తారు, ఇంటి మీద బెంగ అని. బెంగ ఉంటుంది, కాదనను. కానీ ఎన్నింటికి పడుకుంటున్నారు, ఎన్నింటికి మెలకువొస్తోంది అని అడిగితే ఒక్కరూ సరిగ్గా చెప్పలేరు. దయచేసి ముందు ఒక మూడు రోజులు ఆ టైములు కాగితం మీద రాయండి, మిగతావన్నీ ఆ తర్వాత.

మామూలు లెక్కేంటంటే ఒంట్లో గడియారం, అంటే నిద్రా మెలకువల టైం చూసేది, కొత్త చోటి టైంకి రోజుకి సుమారు ఒక గంట చొప్పున జరుగుతుంది, టైం తేడా 9 గంటలుంటే 9 రోజులు అటూ ఇటూ. పడమరకి ప్రయాణమైతే కాస్త సులువు, తూర్పుకైతే కష్టం, ఎందుకంటే ఆ గడియారానికి రోజు 24 గంటల కంటే కొంచెం ఎక్కువే, రోజుని సాగదీయడం దానికి తేలిక, కుదించడం కష్టం. సరే, ఆ లెక్క దాటిపోయినా ఇంకా తెల్లవారుజామున 3కే కళ్ళు తెరుచుకుంటున్నాయా?

అయితే ఫోన్. నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే. పడమరకి తిరిగొచ్చిన వాళ్ళకి 3కి మెలకువొస్తుంది, అప్పుడు ఇంటి దగ్గర పట్టపగలు, అందరూ లేచే ఉంటారు, ఒక్కసారి అమ్మతో మాట్లాడితే మనసు కుదుటపడుతుందని వీడియో కాల్ చేస్తాం, లైటేస్తాం, గంటసేపు మాట్లాడి ఏదో ఒకటి తింటాం కూడా. ప్రేమతో చేసే పనే, తప్పని ఎవరూ అనరు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కానీ ఆ వెలుతురు, ఆ మాటలు, ఆ తిండి అన్నీ కలిసి ఒంటికి "ఇంకా అక్కడే ఉన్నావు, ఇప్పుడు పగలు" అని రోజూ చెప్తుంటాయి, ఇక గడియారం కదలమంటే ఎలా కదులుతుంది? ఒకసారి నాకు ఇదే నాలుగు వారాలు సాగింది, అదంతా బెంగే అనుకుని ఉద్యోగం మానేస్తానని మెయిల్ కూడా టైప్ చేసుకున్నా. నిద్ర సరయ్యాక చదివితే అది నేను రాసినట్టే అనిపించలేదు. అందుకే ఇంకా 3కే లేస్తున్న రోజుల్లో పెద్ద నిర్ణయాలేవీ వద్దు.

చేయాల్సింది: మెలకువొచ్చినా లైటేయకండి, ఫోన్ వేరే గదిలో పెట్టండి. కాల్ మానేయక్కర్లేదు, రెండు వైపులా మెలకువగా ఉండే టైం ఒకటి ఫిక్స్ చేసుకోండి, "ఇక్కడ రాత్రిపూట నేను చేస్తే ఎత్తకమ్మా, పడుకోమని మెసేజ్ పెట్టు" అని ఇంట్లోనే చెప్పేయండి, అమ్మ మాటైతే మనం వింటాం. సాయంత్రం వెలుతురు ఉన్నంతసేపు బయట నడవండి. భోజనం ఇక్కడి టైంకే తినండి, ఆకలి లేకపోతే కొంచెమే తినండి, కడుపు కూడా దాంతోనే సర్దుకుంటుంది. పగలు పడుకోక తప్పదంటే 20 నిమిషాలు, అలారం పెట్టుకుని. మధ్యాహ్నం తర్వాత కాఫీ వద్దు.

తూర్పుకి వచ్చిన వాళ్ళ కథ వేరు, రాత్రి నిద్రే పట్టదు. తేడా ఏడెనిమిది గంటలుంటే మొదటి రెండు మూడు రోజులు పొద్దున్నే ఎండలోకి వెళ్ళకండి, ఒంటికి అది ఇంకా అర్ధరాత్రే కాబట్టి ఆ వెలుతురు గడియారాన్ని ఇంకా వెనక్కి నెడుతుంది. ముందు మధ్యాహ్నం ఎండ, తర్వాత రోజూ కాస్త పొద్దుటి వైపుకి జరుపుకుంటూ రండి.

నిద్ర కుదిరాక కూడా దిగులు అలాగే ఉంటే అది నిజమైన బెంగే, అమ్మానాన్నలు పోయినసారి కంటే పెద్దవాళ్ళైనట్టు కనిపించి ఉంటారు, దానికి మందు లేదు. మళ్ళీ ఎప్పుడు వెళ్ళేదీ ఒక నెల పేరైనా అనుకుని వాళ్ళకి చెప్పండి, రెండు వైపులా తేలికవుతుంది. నెల దాటినా పనులు చేసుకోలేకపోతుంటే డాక్టర్‌తో మాట్లాడండి.

మిగతావి అరుదు. జ్వరమొస్తే ప్రయాణ బడలిక అనుకోకండి, మలేరియా ఉన్న ప్రాంతం నుంచి వస్తే వారాల తర్వాత, ఒక్కోసారి నెలల తర్వాత కూడా బయటపడుతుంది, వెంటనే వెళ్ళి ఎక్కడినుంచి వచ్చారో డాక్టర్‌కి మీరే ముందు చెప్పండి. ఒక కాలే వాచి నొప్పి పెడుతుంటే అదే రోజు చూపించుకోండి, ఊపిరాడకపోయినా ఛాతీలో నొప్పొచ్చినా ఎమర్జెన్సీకే.