ఎథెల్ స్మైద్ 'మాస్ ఇన్ డీ': క్వయర్‌ను సిద్ధం చేసే పద్ధతి

బ్రిటిష్ స్వరకర్త ఎథెల్ స్మైద్ 1891లో రాసిన ఈ మాస్‌ను (క్రైస్తవ ఆరాధనలోని లాటిన్ పాఠాలకు కట్టిన సంగీతం) 1893 జనవరి 18న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో జోసెఫ్ బార్న్‌బీ తొలిసారి పాడించారు. దాదాపు గంట నిడివి. నలుగురు సోలోయిస్టులు (ఒంటరిగా పాడేవాళ్లు), నాలుగు గాత్రాల క్వయర్ (బృంద గాయకులు), పెద్ద ఆర్కెస్ట్రా (వాద్యబృందం) కావాలి. క్వయర్‌ను దెబ్బతీసేది స్వరాల కష్టం కన్నా అలసటే.

దానికి కారణం భాగాల వరుస. మామూలుగా మొదటి భాగమైన కీరియే (దయ చూపమనే ప్రార్థన) తర్వాత వచ్చే గ్లోరియాను (దేవుడి స్తుతి) స్మైద్ అన్నిటికన్నా చివర పెట్టారు. ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి) ప్రార్థన పుస్తకంలోనూ దాని చోటు అదే. కొందరు కండక్టర్లు దాన్ని రెండో స్థానానికి జరుపుతారు. అలా చేయకండి: డీ మైనర్ అనే విషాద ఛాయ స్వరశ్రేణిలో మొదలైన కీరియేకి జవాబు ఉల్లాసమైన ఈ డీ మేజర్ ముగింపే. శ్రోతలకిచ్చే కార్యక్రమ కరపత్రంలోనూ ఇదే వరుస ముద్రించండి, లేకపోతే శ్రోతలు తికమకపడతారు.

కాబట్టి సాధన గ్లోరియాతోనే మొదలుపెట్టండి. పన్నెండు వారాలుంటే మొదటి మూడూ దానికే. ఆ తర్వాత మాటలు ఎక్కువున్న క్రేడో (విశ్వాస ప్రకటన). ఎనిమిదో వారం నుంచి ప్రతి రిహార్సల్‌లోనూ గ్లోరియాను ఆఖరున, గొంతులు అలిసినప్పుడే పాడించండి. సొప్రానోలు (ఎత్తు గొంతు స్త్రీలు) పై స్వరాల్లో శ్రుతి జారేది అప్పుడే తెలుస్తుంది. గట్టిగా పాడమంటే ఇంకా జారుతుంది. అచ్చు విశాలంగా తెరిచి, శ్వాస ముందే తీసుకోమనండి.

కీరియే బాస్ (మగవాళ్ల మంద్ర) గొంతులతో చాలా మెల్లగా మొదలై నెమ్మదిగా పెరుగుతుంది. ఎక్కువ క్వయర్లు సగం దారిలోనే మొత్తం బలం ఖర్చుపెట్టేస్తాయి. శిఖరం ఏ బార్‌లోనో (తాళ విభాగంలోనో) పెన్సిల్‌తో గుర్తు పెట్టించి, అంతకు ముందు ప్రతి ప్రవేశంలోనూ శబ్దాన్ని రాసినదానికన్నా ఒక మెట్టు తగ్గించండి. పొడవైన వాక్యాల్లో పక్కపక్కనున్నవాళ్లు ఒకేసారి శ్వాస తీసుకోకూడదు.

లాటిన్ ఉచ్చారణ మొదటి రోజే తేల్చేయండి. ఇటలీ చర్చి పద్ధతి అనుకుంటే excelsis, Agnus అనే మాటలు 'ఎక్షెల్సిస్', 'ఆన్యుస్' అవుతాయి. తర్వాత మార్చబోతే సగంమంది పాతదే పాడతారు.

స్కోర్ల (స్వరాలు రాసిన ప్రతుల) విషయంలో జాగ్రత్త. 1924లో కండక్టర్ ఏడ్రియన్ బౌల్ట్ బర్మింగ్‌హామ్‌లో ఈ మాస్‌ను మళ్లీ పాడించాక, 1925లో సవరించిన ప్రతి వచ్చింది. క్వయర్ చేతిలో ఒక ప్రతి, ఆర్కెస్ట్రా చేతిలో మరొకటి ఉంటే రిహార్సల్ గుర్తులు వెతుక్కోవడంతోనే సరిపోతుంది.

ఆర్కెస్ట్రాతో రెండు పూర్తి రిహార్సల్స్ తక్కువలో తక్కువ. గాయకులు ఎనభైమందికి తగ్గితే ఇత్తడి వాద్యాల్లో ఫోర్టిస్సిమోలను (చాలా గట్టిగా) ఫోర్టేకి (గట్టిగా) దించండి, వాటి వెడల్పాటి నోళ్లను శ్రోతల వైపు కాకుండా పక్కకు తిప్పించండి. వెనక వరుసవాళ్లు చెవితో వాద్యాలను అనుసరిస్తే ఆలస్యమవుతారు; కండక్టర్ చేతినే చూడమనండి.