మధ్యధరా పర్వతాల్లో కొత్తగా దొరికిన నాచు మొక్కను నమోదు చేయడం ఎలా?

ఒక పర్వత ప్రాంతంలో ఇంతవరకు ఎవరి కంటా పడని నాచు మొక్క దొరికిందని చెప్పడానికి, దాన్ని చూసినవారి మాట చాలదు. ఎన్నేళ్ల తరువాత ఎవరు అడిగినా తీసి చూపించగలిగే నమూనా హెర్బేరియంలో, అంటే ఎండిన మొక్కలను భద్రపరిచే నిలయంలో, ఉండాలి. అది ఎక్కడ, ఏ రాతి మీద, ఎంత ఎత్తున, ఎప్పుడు దొరికిందో ఆ నమూనాను ఉంచిన కాగితపు పొట్లం మీదే రాసి ఉండాలి. ఈ రెండూ లేని ‘కొత్త నమోదు’ను శాస్త్రవేత్తలు నమోదుగానే లెక్కించరు. ఆ పని మొదటి నుంచి చివరి దాకా ఎలా సాగుతుందో స్పెయిన్ దక్షిణ భాగంలోని సియెర్రా నెవాడా పర్వతాలను ఉదాహరణగా తీసుకుని వివరిస్తాను.

గ్రనాడా, అల్మేరియా ప్రావిన్సుల్లో విస్తరించిన ఈ శ్రేణిలోని ముల్హాసెన్ శిఖరం 3,479 మీటర్ల ఎత్తుతో ఐబీరియా ద్వీపకల్పంలోకెల్లా ఎత్తైనది. సముద్రం అక్కడికి నలభై కిలోమీటర్ల లోపే ఉంటుంది. అందువల్ల దిగువ వాలుల్లో ఎండాకాలం నెలల తరబడి చుక్క నీరు లేని మధ్యధరా వాతావరణం ఉంటే, పైన జూన్ దాకా మంచు నిలిచే చలి ప్రాంతం ఉంటుంది. ఐరోపా ఉత్తర భాగాల్లో, ఆల్ప్స్‌లో పెరిగే నాచులు కొన్ని ఇక్కడ చల్లని ఊటల అంచున మిగిలిపోయాయి. నాచు అంటే ఇక్కడ చెరువు నీటి మీద తేలే శైవలాలు కావు. కాండమూ ఆకులూ ఉండి, సిద్ధబీజాలతో వ్యాపించే మాస్ మొక్కలు.

బయలుదేరే ముందు

మొదట జాబితాలు చదవాలి. మధ్యధరా దేశాల నాచులన్నిటికీ కలిపి 2013లో వ్యాఖ్యలతో కూడిన ఒక జాబితా ప్రచురితమైంది. ఐరోపా మొత్తానికి 2020లో మరొకటి వచ్చింది. ఇవి దేశాల వారీ జాబితాలు కాబట్టి ఒక జాతి స్పెయిన్‌లో ఉందో లేదో చెబుతాయే తప్ప, అది ఉత్తరాన పిరనీస్‌లో ఉందా, దక్షిణాన సియెర్రా నెవాడాలో కూడా ఉందా అన్నది చెప్పవు. దానికోసం ప్రాంతీయ వ్యాసాలను, హెర్బేరియంల సూచికలను వెతకవలసిందే. పాత రచనలను కూడా వదలకూడదు. ఆస్ట్రియాకు చెందిన ఫ్రాంజ్ ఫాన్ హోనెల్ ఈ శ్రేణి ఎత్తైన భాగపు నాచులపై 1895లోనే వ్యాసం ప్రచురించాడు. అందులోని పేర్లలో చాలావాటిని నేటి పేర్లలోకి మార్చుకుంటే తప్ప పోల్చి చూడడం కుదరదు.

రెండవది అనుమతి. సియెర్రా నెవాడా 1986లో జీవావరణ రక్షిత ప్రాంతంగానూ, 1999లో జాతీయ ఉద్యానవనంగానూ ప్రకటితమైంది. అక్కడ అనుమతి లేకుండా చిన్న నాచు కుదురును కూడా తీసుకురాకూడదు. ఏ సమూహాలకు చెందిన మొక్కలు, ఏ లోయల్లో, ఎంత పరిమాణంలో సేకరిస్తారో, నమూనాలను చివరకు ఏ హెర్బేరియంలో ఉంచుతారో వివరిస్తూ ఆండలూసియా ప్రాంతీయ ప్రభుత్వపు పర్యావరణ శాఖకు ముందుగానే దరఖాస్తు చేసుకోవాలి. కొత్తవారు ఈ పనిని ఏదైనా విశ్వవిద్యాలయ బృందంతో కలిసి చేయడం మంచిదని నా అభిప్రాయం. అనుమతి సులువవుతుంది, నమూనాలకు దారి కూడా దొరుకుతుంది.

కొండ మీద

ఎప్పుడు వెళ్లాలన్నది ఎత్తును బట్టి నిర్ణయించుకోవాలి. దిగువ వాలుల మట్టి మీద మొలిచే చిన్న నాచులు శీతకాలపు వానలతో పెరిగి వసంతానికే ముగిసిపోతాయి కనుక వాటికి ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ అనుకూలం. శిఖరాల దగ్గరి ఊటలకు మాత్రం మంచు కరిగిన తరువాత, జూలై, ఆగస్టుల్లోనే వెళ్లగలం.

ఎక్కడ వెతకాలో రాయి చెబుతుంది. శ్రేణి నడిభాగమంతా అభ్రకం నిండిన షిస్ట్ రాయి. ఎండలో తళతళలాడే ఆ పొరలు గూడూరు అభ్రకం చూసిన తెలుగువారికి కొత్తగా అనిపించవు. అంచుల్లో సున్నపురాయి, దాన్ని పోలిన డోలమైట్ రాయి ఉన్నాయి. షిస్ట్‌ను ఇష్టపడే నాచు సున్నపురాతి మీద సాధారణంగా పెరగదు. సున్నాన్ని కోరేది షిస్ట్ మీద కనిపిస్తే, పైనుంచి సున్నపు నీరు ఊరుతోందేమో చూడాలి. పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చిన్న సీసాలో వెంట ఉంచుకుని ఒక చుక్క వేస్తే, సున్నపురాయి వెంటనే బుసబుస పొంగుతుంది, డోలమైట్ మందకొడిగా పొంగుతుంది, షిస్ట్ కదలదు. అయిదు క్షణాల ఈ పరీక్షను చేయక, పొట్లం మీద ‘రాయి’ అని మాత్రమే రాసిన నమూనాలు హెర్బేరియంలలో ఎన్నో ఉన్నాయి.

స్థానికులు బోర్రెగీలెస్ అని పిలిచే ఎత్తైన తడి పచ్చిక బయళ్లు, మంచు ఆలస్యంగా కరిగే గుంటలు, ఉత్తరం వైపు తిరిగిన బండల పగుళ్లు, మధ్య ఎత్తుల్లోని పిరనీస్ ఓక్ చెట్ల బెరడు, దక్షిణ వాలుల్లోని అల్పుహార్రా గ్రామాలకు నీరు తెచ్చే పాత సాగునీటి కాలువల గట్లు: వీటన్నిటికీ వేర్వేరు నాచులు ఉంటాయి. కొత్తవి దొరికే అవకాశం బయళ్ల నడుమ కన్నా, రెండు రకాల నేలలు కలిసే అంచుల్లో ఎక్కువ. ఎండలో ఎండి నల్లని పెచ్చులా కనిపించే కుదురు మీద నీళ్లు చిలకరిస్తే నిమిషం లోపు ఆకులు విచ్చుకుంటాయి. అప్పుడు పది రెట్లు, ఇరవై రెట్లు పెద్దవిగా చూపే చేతి భూతద్దంతో చూడాలి.

తీసుకునేది అగ్గిపెట్టెలో పట్టేంత చాలు. కుదురే చిన్నదైతే నాలుగైదు కాడలతో సరిపెట్టుకుని మిగిలినదాన్ని అక్కడే వదిలేయాలి. సిద్ధబీజాల గుళికలున్న కాడలను వీలైతే తప్పక చేర్చాలి. చాలా జాతులను గుళిక లేకుండా తేల్చలేము.

పొట్లం, చీటీ

నాచును ప్లాస్టిక్ సంచిలో వేయకూడదు, బూజు పడుతుంది. ఒక ఏ4 కాగితాన్ని తీసుకుని, పైన అయిదారు సెంటీమీటర్లు వదిలి కింది అంచును పైకి మడవాలి. రెండు పక్కలనూ మూడు నాలుగు సెంటీమీటర్ల మేర వెనక్కి మడిచి, చివరగా పైభాగాన్ని మూతలా కిందికి దించాలి. ఎంత పొడి మట్టైనా ఈ పొట్లంలోంచి రాలదు. ఒక్కో కుదురుకు ఒక్కో పొట్లం. దాన్ని మూయక ముందే, అక్కడే నిలబడి, పెన్సిలుతో క్రమసంఖ్య వేయాలి. రాత్రి బసలో గుర్తు చేసుకుని రాద్దామనుకుంటే సంఖ్యలు తారుమారవుతాయి. ఇంటికి వచ్చాక పొట్లాలను గాలి తగిలే నీడలో ఆరబెట్టాలి. పూల మొక్కలను నొక్కినట్లు బరువు పెట్టి నొక్కితే ఆకుల అమరిక చెడుతుంది.

చీటీ మీద ఏముండాలో ఒక ఉదాహరణ చూడండి: ‘స్పెయిన్, గ్రనాడా ప్రావిన్సు, సియెర్రా నెవాడా, ఓయా దె లా మోరా దగ్గర, 30ఎస్ వీజీ60, సుమారు 2,500 మీటర్లు, ఉత్తరాభిముఖమైన షిస్ట్ బండ పగులులో, నీరు ఊరే చోట, నీడలో’. దీని తరువాత తేదీ, సేకరించినవారి పేరు, క్రమసంఖ్య రావాలి. ‘30ఎస్ వీజీ60’ అన్నది, పటాన్ని గడులుగా విభజించే యూటీఎం పద్ధతిలో పది కిలోమీటర్ల చదరపు గడి పేరు. ఐబీరియా నాచుల విస్తరణ పటాలు చాలావరకు ఇలాంటి గడులతోనే గీస్తారు. గడితో పాటు ఫోన్‌లోని జీపీఎస్ ఇచ్చే కచ్చితమైన అక్షాంశ రేఖాంశాలనూ రాయాలి, అవి ఏ భౌగోళిక ప్రమాణంలో (అంకెలను లెక్కించడానికి తీసుకున్న ఆధారం) ఉన్నాయో కూడా రాయాలి. స్పెయిన్ పాత పటాలు ఈడీ50 ప్రమాణంలో ఉండేవి. 2007 నాటి ఉత్తర్వుతో ఈటీఆర్‌ఎస్89 అధికారికమైంది. ఈ రెండింటి మధ్య ఒకే అంకెలు సూచించే చోటు 200 మీటర్లకు పైగా జరుగుతుంది. నిటారు లోయలో ఆ తేడా నాచును ఊట ఒడ్డు నుంచి ఎండ బండ మీదికి చేర్చగలదు.

సూక్ష్మదర్శిని ముందు

ఈ పనిలో ఎక్కువ కాలం కొండ మీద గడవదు, బల్ల ముందు గడుస్తుంది. ఎండిన కాడను గోరువెచ్చని నీటిలో నానబెట్టి, సన్నని పట్టకారుతో కాడను పట్టుకుని ఆకులను కిందికి లాగితే అడుగు భాగం తెగకుండా ఊడివస్తాయి. ఆకు అడుగునున్న కణాలు గుర్తింపులో కీలకం కనుక, సగంలో తెగిన ఆకును పక్కన పెట్టి మరొకటి తీయడమే మేలు.

గ్రిమ్మియా ప్రజాతిని (దగ్గరి సంబంధమున్న జాతుల సమూహం) తీసుకుందాం. షిస్ట్ బండల మీద బూడిద రంగు చిన్న దిండ్లలా పెరిగే ఈ నాచుల్లో, ఆకు కొసన తెల్లని రోమం దాదాపు అన్నిటికీ ఉంటుంది కనుక దాన్ని బట్టి జాతి తెలియదు. ఆకును అడ్డంగా కోసి చూడాలి. నాలుగైదు తడి ఆకులను గాజు పలక మీద ఒకే దిశలో పేర్చి, సూదితో నొక్కి పట్టి, కొత్త బ్లేడుతో కొస నుంచి అడుగు దాకా వీలైనంత సన్నగా తరుగుతూ పోవాలి. ఇరవై ముక్కల్లో రెండో మూడో పనికొచ్చేవి ఉంటాయి. వాటిని 400 రెట్లు పెద్దవి చేసి చూస్తే ఆకు ఒక పొరా రెండు పొరలా, అంచు వెనక్కి మడిచి ఉందా, మధ్య ఈనె ఏ ఆకారంలో ఉంది అన్నవి స్పష్టమవుతాయి. జాతిని వేరు చేసేవి ఇవే.

చెట్ల బెరడు మీద పెరిగే ఆర్థోట్రైకమ్ వర్గంలో మాత్రం గుళికే ముఖ్యం. గుళిక గోడ మీది పత్రరంధ్రాలు పైకి తేలి ఉన్నాయా, చుట్టూ ఉన్న కణాలు కప్పేయగా లోపలికి దిగి ఉన్నాయా చూడాలి. పైకి తేలినవి ఉన్న జాతులను 2016లో లెవిన్‌స్కియా అనే వేరే ప్రజాతిగా విడదీశారు. మూతి చుట్టూ ఉండే దంతాల వరుసలను కూడా పరిశీలించాలి. వయసు మీరిన గుళికల్లో అవి రాలిపోతాయి కనుక ఒకే పొట్లంలో పచ్చివీ ఎండినవీ రెండూ ఉండడం అవసరం.

మట్టి మీద పెరిగే పొట్టియేసీ కుటుంబపు నాచుల్లో రెండు శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణాన్ని ఒక చుక్క వేసి, ఆకు పైభాగపు కణాలు పసుపుగా మారాయా ఎర్రబారాయా గమనిస్తారు. ఏ కొలత తీసుకున్నా ఒక్క కణంతో ఆగకుండా పది ఇరవై కణాలు కొలిచి, కనిష్ఠ గరిష్ఠాలను రాయాలి.

ఒక కుదురులో ఒకటే నాచు ఉంటుందనుకోవడం పొరపాటు. మూడు నాలుగు జాతులు అల్లుకుని పెరగడం మామూలే. డీఎన్‌ఏ పరీక్షకు పంపేటప్పుడు ఒకే కాడను, సూక్ష్మదర్శిని కింద నిర్ధారించుకున్న కాడనే పంపాలి. లేకపోతే ఫలితం పొరుగు మొక్కది కావచ్చు.

కొత్తదేనా?

‘కొత్త’ అన్న మాటకు మెట్లున్నాయి: ఆ పర్వతానికి కొత్త, ప్రావిన్సుకు కొత్త, ఆండలూసియాకు కొత్త, స్పెయిన్‌కు కొత్త, ఐబీరియాకు కొత్త, చివరకు విజ్ఞానానికే కొత్త. పైమెట్టుకు వెళ్లే కొద్దీ అనుమానం కూడా పెరగాలి. విజ్ఞానానికే కొత్తదని తోచిన నాచుల్లో అత్యధికం, తెలిసిన జాతికి ఎండ వల్లనో, నీడ వల్లనో వచ్చిన రూపాంతరాలని తేలుతాయి.

కాబట్టి దొరికినదాన్ని దగ్గరి జాతుల నమూనాలతో పక్కపక్కన పెట్టి పోల్చాలి. ముర్సియా విశ్వవిద్యాలయపు హెర్బేరియం, గ్రనాడా విశ్వవిద్యాలయపు హెర్బేరియం, మాడ్రిడ్‌లోని రాయల్ బొటానిక్ గార్డెన్ ఇందుకు ఉపయోగపడతాయి. తరువాత ఆ ప్రజాతిలో నిపుణులైనవారికి నమూనాలో కొంత భాగాన్ని, ‘నేను ఫలానా అనుకుంటున్నాను, కారణాలివి’ అన్న లేఖతో పంపాలి. ఫోటోలు మాత్రమే పంపి పేరు చెప్పమనడం మర్యాద కాదు, ప్రయోజనమూ లేదు.

ప్రచురణ, ఆ తరువాత

నమూనాను హెర్బేరియంలో చేర్చి, దాని సంఖ్య చేతికి వచ్చాకే రాయడం మొదలుపెట్టాలి. స్పెయిన్ బ్రయాలజీ (నాచు మొక్కల శాస్త్రం) సంఘపు పత్రిక, ‘క్రిప్టోగమీ, బ్రయోలొజీ’, ‘జర్నల్ ఆఫ్ బ్రయాలజీ’ వంటివి ఇలాంటి చిన్న నివేదికలను ప్రచురిస్తాయి. పేజీకి మించనవసరం లేదు. జాతి పేరు, చోటు, ఎత్తు, నేల, తేదీ, హెర్బేరియం సంఖ్య ఇచ్చి, ఈ నమూనాలో చూసిన లక్షణాలను, దగ్గరి జాతులతో ఉన్న తేడాలను, ఇంతవరకు తెలిసిన విస్తరణను చెబితే చాలు. పుస్తకంలోని వర్ణనను తిరిగి రాయకూడదు. మీ పొట్లంలోని మొక్క గురించే రాయాలి.

అదే వివరాలను హెర్బేరియం ద్వారా, జీవజాతులు దొరికిన చోట్లను నమోదు చేసే జీబిఫ్ అంతర్జాతీయ సమాచార నిధిలో చేర్పించాలి. అరుదైన జాతి ఒకే ఊట దగ్గర మిగిలి ఉంటే, బహిరంగ పటంలో కచ్చితమైన స్థానం కాక పది కిలోమీటర్ల గడి మాత్రమే చూపమని కోరవచ్చు. ఎప్పుడైనా మరొకరు ఆ నమూనాను పరిశీలించి వేరే పేరు నిర్ణయిస్తే, పాత చీటీని చింపకుండా, కొట్టివేయకుండా, దాని పక్కన కొత్త పేరు, నిర్ణయించినవారి పేరు, సంవత్సరం ఉన్న చీటీని అతికించాలి. మొదట ప్రచురించిన పత్రికలోనే సవరణ వేయించి, సమాచార నిధిలోని పేరునూ మార్పించాలి.