మొదటిసారి ఈల వేయండి, రెండోసారి ఒక్క ప్రశ్న వేయండి

సినిమా చూస్తూనే తప్పులు వెతికితే డబ్బులూ దండగే, పక్కనోళ్ల మూడూ పాడే. అందుకే నేను మొదటిసారి ఏమీ ఆలోచించను, ఈలలూ కేకలే. ఓటీటీలో రెండోసారి చూసేటప్పుడు మాత్రం ఒక్క ప్రశ్న పట్టుకుని కూర్చుంటా: ఇందులో ఎవరు ఎవరికి నేర్పుతున్నారు?

'ఆర్ఆర్ఆర్' తీసుకోండి. అల్లూరి 1924లో చనిపోయారు, కొమురం భీమ్ 1940లో జోడేఘాట్‌లో నిజాం బలగాలతో పోరాడుతూ చనిపోయారు, ఇద్దరి స్నేహం కల్పన అని సినిమా వాళ్లే చెప్పారు కాబట్టి దాంతో నాకు పేచీ లేదు. కానీ చివర్లో భీమ్ నాకు చదువు నేర్పమని రామ్‌ని అడుగుతాడు, జెండా మీద జల్ జంగల్ జమీన్ అని రాసేది రామ్. బయట ఆ నినాదం గోండు వీరుడు భీమ్ పేరుతోనే ముడిపడి ఉంది కదా! థియేటర్‌లో నాకు ఇది తట్టనే లేదు, అప్పటికి కళ్లలో నీళ్లు.

ఎందుకు తట్టలేదంటే మ్యూజిక్. కాబట్టి అసలు చిట్కా ఇది: మీకు బాగా నచ్చిన సీన్ ఒకటి సౌండ్ తీసేసి, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి. హీరో హీరోయిన్ వెంటపడే సీన్లయితే మరీ, పాట లేకపోతే ఆ అమ్మాయి మొహంలో ఇబ్బందే కనిపిస్తుంది చాలాసార్లు (మా ఇంట్లో ఈ ప్రయోగం చేశాక పెద్ద గొడవే అయింది లెండి). 'నాటు నాటు'కి మాత్రం సౌండ్ తీయకండి, అది నా వల్ల కూడా కాలేదు.